రెండేళ్ల ఏఎంఈ డిప్లొమాతో విమానానికి సంతకం పెట్టేస్తారా?

ఇంటర్ ఫలితాలు రాగానే వాట్సాప్‌లో ఈ మెసేజ్ మొదలవుతుంది: "ఎంపీసీ ఉంటే చాలు. రెండేళ్ల ఏఎంఈ డిప్లొమా, వెంటనే ఎయిర్‌లైన్‌లో ఇంజనీర్. బీటెక్‌తో సమానం. వంద శాతం ప్లేస్‌మెంట్." ఏఎంఈ అంటే విమానాల మరమ్మతు, నిర్వహణ ఇంజనీరింగ్. ఎంపీసీ మాట నిజమే. మిగతాది చూద్దాం.

"రెండేళ్లకే ఇంజనీర్"

పని పూర్తయ్యాక విమానాన్ని మళ్లీ ఎగరనిచ్చే సంతకాన్ని సీఆర్ఎస్ అంటారు. ఆ హక్కు డిప్లొమాతో రాదు, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే లైసెన్సుతో వస్తుంది. టర్బైన్ ఇంజన్ విమానాల మెకానికల్ పనికి ఇచ్చే బీ1.1 లైసెన్సుకైతే మాడ్యూల్ (ఒక్కో సబ్జెక్టు) పరీక్షలన్నీ గట్టెక్కాలి. పాస్ మార్కు 75 శాతం. అంటే 80 ప్రశ్నల పేపర్లో 59 సరైనా ఫెయిలే. కార్-147 (శిక్షణ సంస్థలకు డీజీసీఏ పెట్టిన నిబంధన) కింద ఆమోదమున్న కోర్సు చదివినవాళ్లకు కూడా ఆపైన రెండేళ్ల ప్రాక్టికల్ అనుభవం కావాలి. సాంకేతిక శిక్షణ ఏదీ లేనివాళ్లకు అదే ఐదేళ్లు. లైసెన్సు చేతికొచ్చినా ఏ320 టైప్ రేటింగ్ (ఆ రకం విమానానికి విడిగా వచ్చే అర్హత) లేకుండా ఏ320కి బీ1 ఇంజనీరుగా సీఆర్ఎస్ ఇవ్వలేరు.

"ప్రాక్టికల్ అంతా ఫార్మాలిటీ"

మెసేజ్ కింద కామెంట్లలో కనిపించే మాట ఇది. అన్నిటికంటే ప్రమాదకరమైనదీ ఇదే. బోల్టులు వదులవకుండా వైరుతో మెలివేసి కట్టే లాక్‌వైరింగ్‌నే తీసుకోండి. 0.032 అంగుళాల వైరుకు అంగుళానికి 6 నుంచి 8 మెలికలు పడాలి. బోల్టు వదులవబోతే వైరు దాన్ని బిగిసే వైపే లాగాలి. దిశ తప్పితే మెలికలు ఎంత అందంగా ఉన్నా ఆ వైరు ఉన్నా లేనట్టే. ఒకసారి విప్పిన వైరు మళ్లీ వాడరు. కత్తిరించిన ముక్క విమానాలు నిలిపే ర్యాంపు మీద పడి ఇంజన్‌లోకి వెళ్తే బ్లేడ్లు దెబ్బతింటాయి.

చేసిన ప్రాక్టికల్ పని నమోదు చేసే లాగ్‌బుక్కూ అంతే. తేదీ, విమానం వీటీ- రిజిస్ట్రేషన్ నంబరు, ఏటీఏ చాప్టర్ (విమానంలో ఒక్కో వ్యవస్థకు ఉండే నంబరు), జాబ్ కార్డు నంబరు, చేసిన పని, పర్యవేక్షించిన ఇంజనీర్ సంతకం, అన్నీ ఉండాలి. "ల్యాండింగ్ గేర్ పని" అని రాస్తే చాలదు. చాప్టర్ 32, ఏ వీలు మార్చారు, టార్క్ చేసింది (నిర్ణీత బలంతో బిగించింది) ఎవరు అన్నది కనబడాలి. ఆర్నెల్ల పని ఒకేసారి గుర్తు తెచ్చుకుని రాద్దామనుకుంటే, సంతకం పెట్టాల్సిన మనిషి అప్పటికి వేరే స్టేషన్‌కు వెళ్లిపోయి ఉంటాడు.

"ఏ కాలేజీ అయినా ఒకటే"

కాదు. డీజీసీఏ వెబ్‌సైట్‌లోని కార్-147 జాబితాలో కాలేజీ పేరుతో పాటు కేటగిరీ కూడా చూడండి. బీ2 అంటే ఏవియానిక్స్. దానికి మాత్రమే ఆమోదం ఉన్న చోట బీ1.1లో చేరితే రెండేళ్ల అనుభవమే చాలన్న వెసులుబాటు వర్తించదు.

"బీటెక్‌తో సమానం"

రెండూ వేర్వేరు దారులు. ఎంటెక్‌కు ఈ లైసెన్సు పనికిరాదు. ఏరోనాటికల్ బీటెక్ ఉన్నంత మాత్రాన సీఆర్ఎస్ హక్కూ రాదు. (ఈ రెండో సంగతి తెలియక చేరేవాళ్లూ తక్కువేం కాదు.)

"వంద శాతం ప్లేస్‌మెంట్"

ఏ కంపెనీ, ఏ పోస్టు, స్టైపెండ్ ఎంత, బాండ్ ఎన్నేళ్లు? ఫీజు కట్టకముందే రాతపూర్వకంగా అడగండి. జవాబులో "ట్రైనీ టెక్నీషియన్" అని ఉంటే, కనీసం ఆ కాలేజీ నిజం చెబుతోంది.