పడవ మునిగింది, సీడీ ఆగింది

పోయిన కార్తీక పౌర్ణమికి మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాం. ఆ రోజు రాజమండ్రిలో పంతులుగారు దొరకడం అంటే పుష్కరాల్లో కోటిలింగాల రేవు దగ్గర బండికి చోటు దొరకడం లాంటిది. మా పంతులుగారు ముందు రోజు తొమ్మిదింటికి వస్తానన్నారు, పొద్దున ఫోన్ చేస్తే పదకొండు అన్నారు, పదకొండుకి చేస్తే "ఆయ్, ఇంకా నాలుగిళ్ళున్నాయండి, మూడు దాటిపోద్దండి" అని పెట్టేశారు. నాన్నకి బీపీ, మామ్మకి షుగరు, మా బావకి ఏ జబ్బూ లేదు గానీ ఆకలికి అందరికంటే ముందు తట్టుకోలేనిది ఆయనే.

మేనత్త అయితే పొద్దుటినుంచీ ఒకటే పాట, హాయిగా అన్నవరం వెళ్ళి టికెట్టు తీసుకుని చేయించుకుంటే పోయేదిగా, ప్రసాదం కూడా వాళ్ళే ఆకులో కట్టి ఇచ్చేవాళ్ళు అని. ఆ మాట నాలుగోసారి విన్నాక నాన్నకి పౌరుషం వచ్చేసింది. "పంతులుగారు లేకపోతే వ్రతం ఆగిపోద్దా ఏంటి, మన దగ్గర సీడీ ఉంది" అన్నారు.

ఆ సీడీ నిజంగానే ఉంది. పూజ మొదలుకొని అయిదు కథలూ ఒకే సీడీలో, ఎక్కడ ఆచమనం చెయ్యాలో ఎక్కడ అక్షింతలు వెయ్యాలో కూడా చెప్తూ. మా అక్క కొడుకు "తాతయ్యా, యూట్యూబ్‌లో పెట్టేద్దాం" అన్నాడు పాపం. "మధ్యలో బనీన్ల ప్రకటన వస్తే దానికీ అక్షింతలు వెయ్యమంటావా?" అని నాన్న వాణ్ణి కూర్చోబెట్టేశారు.

సీడీ సరే, ప్లేయర్ ఏదీ అంటే అటక మీద. 2004లో మా బాబాయి కువైట్ నుంచి తెచ్చాడు, అట్టపెట్టె, థర్మోకోల్, వారంటీ కార్డు, మాన్యువల్ అన్నీ అలాగే ఉన్నాయి, పెళ్ళి చీరకి కూడా మా అమ్మ అంత జాగ్రత్త చెయ్యలేదు. మాన్యువల్ సగం ఇంగ్లీషు సగం అరబ్బీ, ఇటు నుంచి తెరిస్తే ఇంగ్లీషు, అటు నుంచి తెరిస్తే అరబ్బీ. నాన్న అది చేతిలో పట్టుకుని పీటల మీద కూర్చున్నారు, చూస్తే అదే వ్రతకల్పం అనుకుంటారు. నన్ను చూసి "ఒరేయ్, నువ్వు ఈసీఈ కదా, చూడు" అన్నారు. నేను ఈసీఈ, అంటే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు, చదివి పద్నాలుగేళ్ళుగా హైదరాబాదులో బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో వడ్డీ లెక్కలు సరిచూస్తున్నాను, ఈ సంగతి మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు, మిక్సీ తిరక్కపోయినా నా డిగ్రీనే అంటారు.

ప్లగ్గు పెడితే లైటు వెలిగింది, అందరూ దండం పెట్టుకున్నారు. ఓపెన్ బటన్ నొక్కితే లోపల గిర్రుమని చప్పుడు వస్తోంది గానీ ట్రే మాత్రం బయటికి రావట్లేదు. మా బావ ముందుకొచ్చాడు. కంప్యూటర్ డ్రైవ్‌కి చిన్న బొక్క ఉంటుంది, అందులో పిన్ను గుచ్చితే తెరుచుకుంటుంది అని మా అక్క దగ్గర పిన్నీసు తీసుకుని ఆ ప్లేయర్‌కి చుట్టూ ప్రదక్షిణ చేసి మరీ వెతికాడు, దొరికిన ఒక్క బొక్కలో గుచ్చబోతే అది రిమోట్ కన్ను. నేను ఆపాను. మోటారు తిరుగుతోంది, ట్రే కదలట్లేదు అంటే మధ్యలో రబ్బరు బెల్టు సాగిపోయి జారుతోందన్నమాట, ఇరవయ్యేళ్ళయ్యాక ఏ రబ్బరైనా అంతే. ప్లగ్గు పీకేసి పైన రేకు విప్పితే నల్లటి బెల్టు, లాల్చీ నాడాలా వదులుగా వేలాడుతోంది.

ఇప్పుడు కొత్త బెల్టు ఎక్కడ తెస్తాం, పౌర్ణమి రోజు ఆదివారం లెక్కన షాపులన్నీ మూసే ఉన్నాయి. దీనికో నాటు వైద్యం ఉంది, బెల్టుని వేడినీళ్ళలో కాసేపు మరిగిస్తే కొంచెం బిగుసుకుంటుంది, నాలుగు రోజులు లాగిస్తుంది. నేను వంటింట్లోకి వెళ్ళి చిన్న గిన్నెలో నీళ్ళు పోసి బెల్టు వేసి ప్రసాదం పక్క పొయ్యి మీద పెట్టాను. అమ్మ మడి కట్టుకుని రవ్వ వేయిస్తోంది. గిన్నెలోకి తొంగిచూసి "ఇదేంటిరా?" అంది. చెప్పాను. ఆ తర్వాత అమ్మ అన్న మాటలు పూజ రోజు అనాల్సినవి కాదు, రాయాల్సినవి అసలే కాదు. మొత్తానికి స్వామివారి ప్రసాదమూ ప్లేయర్ బెల్టూ ఒకే పొయ్యి మీద పక్కపక్కన ఉడికాయి.

బెల్టు తుడిచి ఎక్కిస్తే ట్రే ఠక్కున బయటికొచ్చింది. అందులో అప్పటికే ఒక సీడీ ఉంది. స్పోకెన్ ఇంగ్లీషు. ఎవరిదని అడిగితే ఎవరూ మాట్లాడలేదు గానీ నాన్న మాన్యువల్‌ని మొహానికి కాస్త దగ్గరగా పెట్టుకున్నారు.

వ్రతం సీడీ పెట్టాం. తిరిగింది, ఆగింది, తిరిగింది, నో డిస్క్ అని చూపించింది. మా మేనత్త "అంత పెద్ద సీడీ పెడితే లేదంటుందేంటి, దీనికేమైనా చత్వారమా" అంది. అత్త వేళాకోళానికి అన్నా విషయం నిజంగా అదే. సీడీని చదివే లేజరు వచ్చేది చిన్న గాజు చుక్క లాంటి లెన్సులోంచి, దాని మీద దుమ్ము పడితే ఎదురుగా సీడీ ఉన్నా కనపడదు. బావ వెంటనే వంగి నోటితో ఊదబోయాడు. వద్దు బావా, ఉమ్ము పడితే దుమ్ము కాస్తా బురదవుద్ది అని లాగాను. స్పిరిట్ ఉంటే మంచిది, ఇంట్లో ఉన్నది కరోనా టైములో కొన్న శానిటైజరు, అందులో గ్లిజరిన్ కలుపుతారు కాబట్టి లెన్సు మీద జిడ్డు మిగిలిపోద్ది. అందుకని పొడి దూదిపుల్లతో మెల్లగా, పసిపిల్లాడి చెవి తుడిచినట్టు తుడిచాను, ఎందుకంటే ఆ లెన్సు సన్నటి తీగల మీద వేలాడుతూ ఉంటుంది, గట్టిగా నొక్కితే అంతే సంగతులు. ఈ లోపు మా అక్క కొడుకు లోపల లేజరు వెలుగుతుందా చూస్తానని తల దూర్చాడు. ఆ లేజరు కంటికి కనపడే రకం కాదు, కనపడకుండానే కన్ను పాడు చెయ్యగలదు, వీపు మీద ఒక్కటేసి అవతలికి పంపాను.

రేకు బిగించి మళ్ళీ పెడితే ఈసారి అంకెలు నడుస్తున్నాయి. 0:01, 0:02, 0:03. మాట మాత్రం రావట్లేదు. నాన్న మాన్యువల్లో సమస్యల పట్టిక తీసి గట్టిగా చదవడం మొదలుపెట్టారు. ప్లగ్గు పెట్టారా. పెట్టాం. స్పీకర్ వైర్లు కలిపారా. కలిపాం. సౌండు పెంచారా. బావ పెంచాడు. అత్త ఇంకొంచెం పెంచింది. మా వాడు వెళ్ళి చివరిదాకా తిప్పేశాడు. అప్పుడు చూశాను, ముందు వైపు హెడ్‌ఫోన్ పెట్టే చోట పాతకాలం లావు పిన్ను ఒకటి గుచ్చి ఉంది, వైరు ఎప్పుడో తెగిపోయింది, పిన్ను మిగిలింది. అది ఉన్నంతసేపూ ప్లేయర్ ఎవరో చెవిలో పెట్టుకుని వింటున్నారనుకుంటుంది, స్పీకర్లకి పంపదు. దొరికిందోచ్ అని పీకేశాను, సౌండు ఎక్కడుందో మర్చిపోయి.

"శుక్లాంబరధరం!"

వీధి చివర కుక్కలు లేచాయి. ఎదురింటావిడ తడి చేతుల్తో బయటికొచ్చేసింది. మామ్మకి ఆ మధ్య నుంచి చెవి సరిగ్గా వినపడట్లేదు, "ఇదిగో, ఇప్పుడు బాగుంది" అంది.

సౌండు తగ్గించి వ్రతం మొదలుపెట్టాం. అమ్మ ప్లేయర్‌కి పసుపు రాసి బొట్టు పెట్టింది, ఇవాళ్టికి పంతులుగారి స్థానం దానిదే కదా మరి. పీట పక్కనే స్టూలు వేసి దాని మీద పెట్టారు, ఒక పక్క అగరొత్తులు, ఇంకో పక్క సాంబ్రాణి. తాంబూలంలో 516 రూపాయలు పెడితే "దక్షిణ ఎవరికి మరి?" అని అత్త అడిగింది. బావ గొంతు సవరించుకున్నాడు గానీ ఎవరూ పట్టించుకోలేదు.

కేశవాయ స్వాహా, నాన్న ఒక గుక్క తాగారు. నారాయణాయ స్వాహా, ఇంకో గుక్క. మాధవాయ స్వాహా, మూడోది. అక్కడితో అయిపోవాలి. కానీ సీడీ చిన్నగా టక్కుమని మళ్ళీ కేశవాయ స్వాహా అంది. నాన్న నమ్మకస్తుడు, తాగారు. మళ్ళీ టక్. మళ్ళీ కేశవాయ. అలా ఆరు చుట్లు అయ్యాక పంచపాత్ర ఖాళీ అయిపోయి నాన్న ఉద్ధరిణి పట్టుకుని నా వైపు దీనంగా చూశారు. ఖాళీ కడుపుతో అన్ని నీళ్ళు, తులసి దళంతో సహా. అత్త "నింపమంటావా అన్నయ్యా" అని చెంబు పట్టుకుని రెడీగా ఉంది.

తీసి చూస్తే సీడీ అడుగున పసుపు వేలిముద్రలు, నాలుగు వేళ్ళూ స్పష్టంగా, పోలీసులకి ఇచ్చేలా. నాన్న కండువా తీసి గుండ్రంగా, రుబ్బురోలు తిప్పినట్టు తుడవబోయారు. అలా తుడవకూడదు, మధ్యలోంచి అంచు వైపుకి నిలువుగా తుడవాలి. సీడీలో ఉన్నదంతా ఒక సన్నటి గీత, చుట్టలు చుట్టలుగా, విప్పి పరిస్తే అయిదు కిలోమీటర్లు దాటుద్ది. ఆ చుట్టలకి అడ్డంగా పడ్డ చిన్న గీతని ప్లేయర్ తనంతట తనే లెక్కగట్టి పూడ్చేసుకుంటుంది, రెండున్నర మిల్లీమీటర్ల దాకా అయితే మనకి తెలియను కూడా తెలియదు. అదే ఆ చుట్టల వెంబడి గీత పడిందంటే వరసగా అంతా పోతుంది. ఇదంతా నేను చెప్తుంటే ఎవరూ వినట్లేదు, బావ టూత్‌పేస్ట్ రాస్తే గీతలు పోతాయని బాత్రూమ్ వైపు వెళ్ళిపోయాడు. అది పూర్తిగా అబద్ధం కూడా కాదు, అడుగున పైపైన పడ్డ గీతలయితే పేస్టుతో అరగదీస్తే కొంత నయమవుతాయి. కానీ మాది గీతల సమస్య కాదు, పసుపు. మెత్తటి గుడ్డ తడిపి తుడిచి పెడితే ఆచమనం దాటేసింది. అది దాటేసరికి నాన్న ఏకంగా నిట్టూర్చారు.

అక్కణ్ణుంచి బ్రహ్మాండంగా నడిచింది. మొదటి కథ, రెండో కథ, కట్టెలమ్ముకునేవాడు, ఉల్కాముఖుడు, షావుకారు, అన్నీ అయ్యాయి. కొబ్బరికాయలు కొట్టాం. అమ్మ వంటింట్లోంచి పొగలు కక్కుతున్న ప్రసాదం గిన్నె తెచ్చి సరిగ్గా ప్లేయర్‌కి ఆనించి పెట్టింది, బావ కళ్ళు అక్కడే ఆగిపోయాయి. నాలుగో కథ. కళావతి మొగుడొచ్చాడన్న సంబరంలో ప్రసాదం తీసుకోకుండా రేవుకి పరిగెత్తింది. స్వామికి కోపం వచ్చింది. ఆమె చూస్తుండగానే అల్లుడితో సహా పడవ నీళ్ళలో మునిగిపోయింది.

టక్. టక్. టక్. నో డిస్క్.

తీసి తుడిచాను. నో డిస్క్. స్పోకెన్ ఇంగ్లీషు సీడీ పెట్టి చూశాను, దానికీ నో డిస్క్. అంటే తప్పు సీడీది కాదు. అత్త అప్పటికే నోటి మీద చెయ్యేసుకుంది. "పడవ మునిగిన చోట ఆపితే ఎలారా, ఇంటి అల్లుడు ఎదురుగా కూర్చున్నాడు!" అంది. అప్పటిదాకా హాయిగా గోడకి ఆనుకుని ఉన్న బావ నిటారుగా కూర్చున్నాడు. ప్రసాదం ముట్టుకోవడానికి లేదు, కథ పూర్తవ్వాలి. లేవడానికి లేదు, కళావతి చేసిన తప్పే అది. పన్నెండు మందిమి గిన్నె చుట్టూ కూర్చుని నీళ్ళలో ఉన్న పడవ గురించి ఆలోచిస్తున్నాం. మా వాడు పక్క గదిలో చిప్స్ తింటున్న చప్పుడు మాత్రం వినపడుతోంది.

నాన్న మాన్యువల్లో చివరి పేజీకి వచ్చారు. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివారు. లోపల తేమ పడితే లెన్సు మసకబారుతుంది, సీడీ తీసేసి, ప్లేయర్ ఆన్‌లోనే ఉంచి, ఓ గంట వదిలెయ్యాలి అని ఉంది. అందరం ప్రసాదం గిన్నె వైపు చూశాం. ఆవిరి ఇంకా ట్రే సందులోకే పోతోంది, సాంబ్రాణి పొగ కూడా అటే. అమ్మ "ఓహో, చివరికి నా ప్రసాదం మీదకొచ్చిందా" అంది.

"గంటా!" అన్నాడు బావ. ఆ ఒక్క మాటలో ఏడుపు ఉంది.

మామ్మ అప్పటిదాకా ఏం జరుగుతోందో తెలియక కళ్ళు మూసుకుని దండం పెట్టుకునే ఉంది. నాన్న చెవి దగ్గర గట్టిగా చెప్పారు, పడవ మునిగి ఆగిపోయిందమ్మా అని. "ఎవరిదీ, కళావతిదా? ఓసోస్, దానికి ఇంత ఆలోచనా" అని మొదలుపెట్టింది. ఆకాశవాణి పలికిందంట, ఇది ఇంటికి పరిగెత్తి ప్రసాదం నోట్లో వేసుకుని వచ్చిందంట, పడవ తేలిందంట. తుంగధ్వజుడు రాజునన్న గీరతో ప్రసాదం వద్దన్నాడంట, పిల్లలూ పోయారు, డబ్బూ పోయింది, తర్వాత బుద్ధొచ్చి తిన్నాడంట, అన్నీ తిరిగొచ్చాయి. రెండు నిమిషాలు పట్టలేదు. "కథ అయిపోయింది, పెట్టవే" అంది అమ్మతో. తర్వాత తాంబూలంలోంచి 516 తీసుకుని, కళ్ళకద్దుకుని బొడ్లో దోపేసుకుంది. చెప్పింది తనే కదా, ఎవరేమంటారు.

పంతులుగారు నాలుగింటికి వచ్చారు. విషయం విని, ప్రసాదం తిని, ఇంకో ఇంటికి వెళ్ళిపోయారు.

రాత్రి పదకొండున్నరకి నాకు మెలకువ వచ్చింది. హాల్లో చీకట్లో చిన్న ఆకుపచ్చ లైటు, దాని ముందు నేల మీద నాన్న, ఒళ్ళో మాన్యువల్. సౌండు బాగా తగ్గించి పెట్టారు. ప్లేయర్ చక్కగా, ఎక్కడా తడబడకుండా చెప్తోంది, కళావతి ప్రసాదం తిని తిరిగి వచ్చిందనీ, పడవ నీళ్ళ మీద తేలిందనీ. నాన్న నన్ను చూసి చూశావా అన్నట్టు తల ఎగరేశారు.

లోపలి గదిలోంచి అమ్మ గొంతు వినపడింది. "ఏవండీ, ఇప్పుడు తేలితే మళ్ళీ హారతి ఇవ్వాలా ఏంటి?"

నాన్న ఒక్క క్షణం ఆలోచించి, లేచి, కర్పూరం డబ్బా ఎక్కడుందని అడిగారు.