మా మామయ్య పంపిన ‘నర్సు దేవతల’ ఫార్వర్డ్‌కి నా జవాబు

నర్సుల దినోత్సవం, అంటే మే 12, దగ్గర పడితే చాలు ఒక ఫార్వర్డ్ తిరగడం మొదలవుద్ది, ఈసారి నాకు మూడు గ్రూపుల్లో వచ్చింది, మా మామయ్యయితే "నీ గురించే రాశాడమ్మాయ్, చూడు" అని విడిగా కూడా పంపాడు. అందులో ఉన్నది ఇదీ: నర్సు పని ఆడవాళ్లకి పుట్టుకతోనే వస్తుంది, అమ్మ మనసుంటే చాలు, పెద్ద చదువెందుకు. వెనకటి నర్సులు సేవ చేసేవాళ్లు, ఇప్పటివాళ్లు జీతాల కోసం సమ్మెలు చేసి ఫారిన్ పోతున్నారు. నైట్ డ్యూటీలతో సంసారాలు పాడవుతున్నాయి, ఆడపిల్లల్ని రాత్రిళ్లు పంపొద్దు. పైన దీపం పట్టుకున్న ఇంగ్లండు నర్సు ఫ్లోరెన్స్ నైటింగేల్ బొమ్మ, కింద దండాలు. పదిహేడేళ్ల నుంచి వార్డుల్లో ఉన్నాను, మామయ్య ఫోన్లో చెప్తే వినడు, అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ బొమ్మ సంగతి. నైటింగేల్ బాగా డబ్బున్న ఇంటి పిల్ల, నర్సింగ్‌కి పోతానంటే ఇంట్లో ససేమిరా అన్నారు, ఎందుకంటే అప్పట్లో అక్కడ కూడా నర్సంటే తాగుబోతు మనిషి, పరువు తక్కువ పని అనే పేరు. 1854లో క్రిమియా యుద్ధమప్పుడు 38 మంది నర్సుల్ని వెంటేసుకుని టర్కీలో స్కుటారి అనే చోట ఉన్న మిలటరీ ఆసుపత్రికి వెళ్లింది, దీపం నిజమే, కానీ తిరిగొచ్చాక చేసిన పని ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు. సైనికులు గాయాలతో కంటే జబ్బులతోనే ఎక్కువమంది పోయారని లెక్కలు కట్టి, చార్టులు గీసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1858లో లండన్ స్టాటిస్టికల్ సొసైటీలోకి తీసుకున్న మొదటి ఆడమనిషి ఆవిడే. లెక్కల మనిషికి దీపం ఒక్కటే మిగిల్చారు పాపం.

ఇక "పుట్టుకతో వస్తుంది" అనే మాట. ఒక రాత్రి రెండున్నరకి, పొట్ట ఆపరేషన్ అయిన పెద్దాయన "ఒళ్లు ఏదోలా ఉందమ్మా" అన్నాడు, అంతే. బీపీ చూస్తే 110/70, బానే ఉంది. కానీ పల్స్ 124, పాదాలు చల్లబడ్డాయి, యూరిన్ బ్యాగులో రెండు గంటల నుంచి చెంచాడు కూడా పడలేదు. లోపల రక్తం పోతుంటే బీపీ ఆఖర్న పడుద్ది, అంతకు ముందే పల్సు, యూరిన్ చెప్పేస్తాయి, ఇది అమ్మ మనసు చెప్పదండీ, మూడేళ్లు చదివి, వందల కేసులు చూస్తే తెలుస్తుంది. డ్యూటీ డాక్టర్ గారిని లేపితే విసుక్కున్నారు, కానీ వచ్చారు, తెల్లారేలోపు మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. పన్నెండో రోజు పెద్దాయన ఇంటికెళ్తూ డాక్టర్ గారికి స్వీట్ బాక్స్ ఇచ్చాడు (నాకివ్వలేదు, పర్లేదు, నాకు షుగరు). ఇంకో సంగతి, కేస్ షీట్‌లో ఇన్సులిన్ 10 పక్కన యూనిట్లకి ఇంగ్లీషు యూ అక్షరం గబగబా రాస్తే 100 లాగా కనపడుద్ది, అది చూసి "సార్ ఇది పదా వందా" అని అడిగేదాకా సిరంజి ముట్టని మనిషే నర్సు.

చదువెందుకు అన్నారు కదా, 2014లో లిండా ఐకెన్ అనే నర్సింగ్ పరిశోధకురాలి టీమ్ యూరప్‌లో 9 దేశాలు, 300 ఆసుపత్రులు, నాలుగు లక్షల పైచిలుకు ఆపరేషన్ పేషెంట్ల రికార్డులు తిరగేసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. నర్సు మీద ఒక్క పేషెంట్ అదనంగా పడితే నెల్లోపు చావు అవకాశం 7 శాతం పెరిగింది, డిగ్రీ చదివిన నర్సులు 10 శాతం ఎక్కువుంటే 7 శాతం తగ్గింది. మన నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం టీచింగ్ ఆసుపత్రి జనరల్ వార్డులో ముగ్గురికొక నర్సు, మామూలు ఆసుపత్రిలో అయిదుగురికి. నేను నైట్లో ఒక్కదాన్నే ముప్పై ఎనిమిది మందిని చూసిన రోజులున్నాయి.

వెనకటి సేవ గురించి. ఏ వెనక మామయ్యా? 1898లో గుంటూరులో అమెరికా మిషనరీ కుగ్లర్ డాక్టరమ్మ ఆసుపత్రి తెరిచిన కాలంలో పరాయి మనిషి ఒళ్లు ముట్టుకోవడం, మలమూత్రాలు ఎత్తడం, పురిటి మైల అంటే "మంచి" ఇళ్లవాళ్లు గడప దాటనిచ్చేవాళ్లా కూతుళ్లని? మిషన్ ఆసుపత్రుల్లో చేరింది ఎక్కువగా క్రైస్తవ పిల్లలు, దిక్కులేని వితంతువులు. బిడ్డని బయటికి లాగిన మంత్రసానిని తర్వాత వంటింట్లోకి రానిచ్చిన ఇళ్లు ఎన్నున్నాయో మా అమ్మమ్మని అడిగితే చెప్పేది. దేశంలో వైద్యం ఎలా ఉందో చూడ్డానికి ప్రభుత్వం వేసిన భోర్ కమిటీ 1946 లెక్కలో దేశంలో 43,000 మందికి ఒక నర్సు. సేవ చేసిన ఆ బంగారు కాలంలో సేవ చెయ్యడానికి అసలు మనుషులే లేరు.

పుట్టుకతో వచ్చేదానికి జీతమెందుకు, ఆ ఫార్వర్డ్‌లో మొదటి మాటకీ రెండో మాటకీ లింకు అదే. నా మొదటి ప్రైవేట్ ఉద్యోగంలో జీతం 4,500, బాండ్ పేరుతో సర్టిఫికెట్లు వాళ్ల బీరువాలో, మానేస్తానంటే యాభై వేలు కట్టమన్నారు, మా నాన్న అప్పు చేసి విడిపించాడు. 2016లో సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం వేసిన కమిటీ, 50 పడకల లోపు ఆసుపత్రి అయినా నెలకి 20,000కి తగ్గొద్దు, 200 దాటితే గవర్నమెంట్ నర్సుతో సమానంగా ఇవ్వాలి అంది. ఎన్ని నర్సింగ్ హోముల్లో ఇస్తున్నారో మీ ఊళ్లో అడగండి, తర్వాత సమ్మెల గురించి మాట్లాడదాం. మా బ్యాచ్‌మేట్ జర్మన్ భాష నేర్చుకుని మరీ వెళ్లింది, ముప్పై రెండేళ్లకి, ఇద్దరు పిల్లల్తో. తప్పేంటి?

నైట్ డ్యూటీ మాటకి మాత్రం నాకు కోపం వస్తది. 1973 నవంబర్లో ముంబై కేఈఎం ఆసుపత్రిలో అరుణా షాన్‌బాగ్ అనే నర్సు డ్యూటీ అయ్యాక బట్టలు మార్చుకోవడానికి బేస్‌మెంట్‌కి వెళ్తే అక్కడ పనిచేసేవాడే గొలుసుతో మెడ బిగించి పాడు చేశాడు. ఆవిడ మళ్లీ మామూలు మనిషి కాలేదు, 2015 మేలో చనిపోయేదాకా, దాదాపు 42 ఏళ్లు, అక్కడి నర్సులే తరం మారినా వంతులేసుకుని కడిగారు, తినిపించారు. అంటే ఆ నర్సులు నైట్ డ్యూటీలు మానెయ్యలేదు. 2024లో కోల్‌కతాలో ట్రైనీ డాక్టర్ హత్య తర్వాత కూడా అక్కడి ప్రభుత్వం ఆడవాళ్లకి వీలైనంత వరకు రాత్రి డ్యూటీలు వద్దంటే, రక్షణ ఇవ్వడం మీ పని, వాళ్లని ఇంట్లో కూర్చోబెట్టడం కాదని సుప్రీంకోర్టే అడ్డుపడింది. తాళం పడే డ్రెస్సింగ్ రూమ్, కారిడార్లో లైటు, రాత్రి వదిలిపెట్టే బండి, అడిగేది ఇంతే. పురుళ్లు రాత్రిళ్లే ఎక్కువొస్తున్నట్టుంటది మాకు, వాటిని పొద్దున్నకి వాయిదా వెయ్యమని మామయ్య ఎవరికి ఫార్వర్డ్ చేస్తాడో చూడాలి.

ఈ వారం నావి నైట్లే, పన్నెండో తారీఖు కూడా. రిప్లై ఇవ్వాలనుకున్నవాళ్లు ఇక్కడే ఇవ్వండి, పగలు ఫోన్ మాత్రం చెయ్యొద్దు, పడుకుంటా.