సవరణ: సరుగుడు కోనిఫర్ కాదు

తిరుపతి పరిసరాల చెట్ల గురించి ఇటీవల పెట్టిన పోస్టులో సరుగుడును ‘మన ప్రాంతపు స్థానిక కోనిఫర్’ అని రాశాను. అది తప్పు. కోనిఫర్ అంటే పూలు పూయకుండా శంకువుల్లో గింజలు పెట్టే, పైన్ లాంటి చెట్టు. వృక్షశాస్త్ర గ్రంథాలతో సరిచూసుకున్నాక ఈ సవరణ ఇస్తున్నాను. సరుగుడు పూలు పూసే జాతి. దాని స్వస్థలం ఆగ్నేయాసియా, ఆస్ట్రేలియా తీరాలు. మన దగ్గర నాటి పెంచుతున్నారు.

చిక్కంతా ఆకు దగ్గరే ఉంది. సూదుల్లా వేలాడేవి ఆకులు కావు, పచ్చని సన్నని రెమ్మలు. ఒకదాన్ని పట్టి లాగండి, కణుపు దగ్గర ఊడివస్తుంది. పైన్ సూదికి కణుపులే ఉండవు. ఆ కణుపును భూతద్దంతో చూస్తే చుట్టూ ఆరు నుంచి ఎనిమిది వరకు చిన్న పొలుసులు కనిపిస్తాయి. అసలు ఆకులు అవే! శంకువులా కనిపించే కాయ కూడా అనేక పూల నుంచి ఏర్పడిన ఫలాల గుత్తి.

దక్షిణ భారతంలో సహజంగా పెరిగే కోనిఫర్ నగేయా వాలిచియానా ఒక్కటే. అది పశ్చిమ కనుమల్లో ఉంటుంది. ఆకు వెడల్పుగా, నడిమి ఈనె లేకుండా, సమాంతర ఈనెలతో ఉంటుంది. కాబట్టి సూది ఆకు ఒక్కటే చూసి కోనిఫర్ అని తేల్చకూడదు.

శేషాచలం కొండల సైకస్ బెడ్డోమీని కూడా అదే పోస్టులో కోనిఫర్లలో కలిపాను. కోనిఫర్లలాగే అదీ వివృతబీజమే (గింజ కాయలో మూసుకుని ఉండని మొక్క) గానీ వేరే వర్గానికి, సైకడ్లకు చెందుతుంది. పొట్టి కాండం, దాని కొసన ఈత మట్టల్లాంటి ఆకులు దాని గుర్తులు. ఈ కొండల చుట్టుపక్కల తప్ప మరెక్కడా సహజంగా పెరగని మొక్క అది. దయచేసి దాని మగ శంకువులను ఎవరూ కోయవద్దు, కొనవద్దు.