ఫోన్‌కి ఒక మాట, తాతగారికి ఒక మాట

"కాంటనీస్‌లో చావుకి పది సరదా మాటలు" లాంటి రీల్ ఎవరైనా పంపితే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటి లిస్టే బట్టీపట్టి, ఆ భాష మాట్లాడే హాంకాంగ్‌లో పరువు పోగొట్టుకున్నవాణ్ణి మరి.

వెళ్లిన కొత్తలో ఫోన్ నీళ్లలో పడింది. షామ్‌షుయ్‌పోలో ఆప్‌లియూ వీధికి పట్టుకెళ్లాను, పాత ఎలక్ట్రానిక్ సామాన్లకి పేరున్న వీధి. కొట్టతను విప్పి చూసి "గ్వా జో" అన్నాడు. గ్వా అంటే దోస, గుమ్మడి, ఆ జాతి కాయ. జో అంటే అయిపోయిందని. మనిషి పోయినా ఫోన్ పోయినా అదే మాట! భలే నచ్చేసింది. అగరుబత్తిని గుర్తుచేసే "హ్యోంగ్ జో" కూడా అంతే. ఇంజిన్ ఆగిపోతే "సెయ్ ఫో", నిప్పు చచ్చిందని. ఉప్పులో ఊరేసిన బాతుగుడ్లు అమ్ముకోడానికి వెళ్లాడన్నా మనిషి పోయాడనే. శవపేటికకి మేకులు కొట్టడం మీద ఇంకోటుంది గానీ దాని ఉచ్చారణ ఇక్కడ రాయను, తెలుగు చెవికి పచ్చిబూతు.

ఆ రీళ్ల కింద కామెంట్లు చూడాలి, "వీళ్లకి చావంటే లెక్కలేదు" అని. అదే ఊళ్లో నాలుగు అనే మాట చావులా వినిపిస్తుందని చాలా బిల్డింగుల లిఫ్టుల్లో 4, 14 ఉండవు. ఖాళీకీ కీడుకీ ఒకే పలుకు, "హుంగ్". అందుకని ఖాళీ ఇంటిని "గాత్", అంటే శుభం, ఇల్లు అంటారు. మనం బియ్యం నిండుకున్నాయనమా, దీపం కొండెక్కిందనమా? నోరు జారితే వాళ్లు "దాయ్ గాత్ లేయ్ సీ!" అంటారు, అంతా శుభమే కావాలని, మా అమ్మమ్మ తథాస్తు దేవతలుంటారని కసిరినట్టే. ఇంత భయమున్నవాళ్లు ఆ వెటకారం ఎక్కడ వాడాలో ఎక్కడ మింగాలో తెలిసే వాడతారు.

నాకే తెలీలేదు. ఆఫీసులో ఒకావిడ తాతగారు పోయారు. పరామర్శించబోయి, వచ్చిన భాషలో, "తాతగారు గ్వా జో అట కదా" అన్నాను. ఆవిడ ఏమీ అనలేదు, ఫైలు తీసుకుని వెళ్లిపోయింది. పక్క సీటాయన నన్ను టీకని బయటికి లాక్కెళ్లి, "గ్వో సాన్ అనాలయ్యా" అన్నాడు. మన "కాలం చేశారు" లాంటిది. అంటే నేను తండ్రి పోయిన ఇంటికెళ్లి "మీ నాన్న బాల్చీ తన్నేశాడట" అన్నట్టు! పది మాటలు నేర్పిన ఆ రీల్‌కి ఈ పదకొండోది చెప్పడానికి ఏమొచ్చింది?

మర్నాడు ఆవిడకి క్షమాపణ చెప్పుకోడానికి ఏమనాలో కూడా ఆయన్నే అడిగి, చీటీ మీద రాసుకుని వెళ్లాను.