1919 సమ్మెలు ఎందుకు ఓడిపోయాయి?

మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది అమెరికాలో సుమారు 40 లక్షల మంది పని మానేసి వీధుల్లోకి వచ్చారు. ఫిబ్రవరిలో సియాటిల్ నగరం స్తంభించింది. సెప్టెంబరులో బోస్టన్ పోలీసులే సమ్మె చేశారు. నవంబరులో బొగ్గు గని కార్మికులూ సమ్మెకు దిగారు. 1914తో పోలిస్తే బతుకు ఖర్చు దాదాపు రెట్టింపైంది. యుద్ధ సమయంలో ఉత్పత్తి ఆగకూడదని కార్మికులు సంఘాలు కట్టుకునే హక్కును గుర్తించిన ప్రభుత్వం, శాంతి రాగానే ఆ బాధ్యత నుంచి తప్పుకుంది.

ఈ సమ్మెల ఓటమికి చాలామంది చెప్పే కారణం రాజ్య అణచివేత. కేంద్ర న్యాయ శాఖ అధిపతి (అటార్నీ జనరల్) పామర్ వామపక్షీయులపై జరిపించిన దాడులు, విదేశీయుల బహిష్కరణ, సంఘం అన్నవారందరిపై బోల్షివిక్ (రష్యా విప్లవ కమ్యూనిస్టు) ముద్ర: ఇవన్నీ నిజాలే. అయితే ఇది సగం కథ. మిగతా సగం కార్మిక సంఘాల లోపలే ఉంది, దాని గురించి మాట్లాడటానికి వామపక్ష చరిత్రకారులు కూడా ఇబ్బంది పడతారు.

షికాగోనే చూడండి. దక్షిణాది రాష్ట్రాల నుంచి వలస వచ్చినవారితో ఆ నగరంలో నల్లజాతి జనాభా 1910లో 44 వేల నుంచి 1920 నాటికి లక్షా 9 వేలకు చేరింది. వారిలో ఎందరికో కబేళాల్లోనే పని దొరికింది. అక్కడి కార్మిక మండలి 1919 జులై 6న నల్లవారు, తెల్లవారు కలిసి నడిచే ఊరేగింపు తలపెట్టింది. మాంసం కంపెనీలు బెదిరిపోయాయి. అల్లర్లు జరుగుతాయంటూ పోలీసులు ఉమ్మడి ఊరేగింపును అడ్డుకోవడంతో రెండు వర్గాలూ వేరువేరుగా నడిచి, చివరికి ఒకే మైదానంలో కలుసుకున్నాయి. మన రంగులు వేరు కాబట్టి కొట్టుకుంటామని యజమానులు అనుకుంటున్నారు, వారి ఆశ వమ్ము చేద్దాం అన్న అర్థం వచ్చే రాతలు ఆ రోజు ప్లకార్డులపై కనిపించాయి.

మూడు వారాలు తిరగలేదు. జులై 27న మిషిగన్ సరస్సులో తెల్లవారు తమదిగా భావించే వైపు కొట్టుకుపోయిన యూజీన్ విలియమ్స్ అనే 17 ఏళ్ల నల్లజాతి బాలుడు ఒక తెల్లవాడు రాళ్లు విసరడంతో మునిగి చనిపోయాడు. రాళ్లు విసిరినవాణ్ని పట్టుకోవడానికి అక్కడి పోలీసు నిరాకరించాడు. తర్వాత చెలరేగిన హింసలో 23 మంది నల్లవారు, 15 మంది తెల్లవారు ప్రాణాలు కోల్పోయారు. సుమారు వెయ్యి మంది ఇళ్లు పోగొట్టుకున్నారు. కబేళాల్లో అంత కష్టపడి కట్టుకున్న ఐక్యతా వాటితోనే కాలిపోయింది.

సెప్టెంబరు 22న మొదలైన ఉక్కు సమ్మెలో ఈ చీలికకు మూల్యం చెల్లించవలసి వచ్చింది. ఉక్కు కార్మికుడి పని వారానికి సగటున దాదాపు 69 గంటలు. చాలామందికి రోజుకు 12 గంటలు, షిఫ్టు మారే రోజున ఏకబిగిన 24 గంటలు. ఇంతకన్నా న్యాయమైన సమ్మె ఏముంటుంది? మూడున్నర లక్షల మంది దిగినా, యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ అధిపతి ఎల్బర్ట్ గేరీ వారితో మాట్లాడటానికే ఒప్పుకోలేదు. కంపెనీలు వేలాది నల్లజాతి, మెక్సికన్ కార్మికులను తెచ్చి కొలిమిలు వెలిగించాయి. సంఘాలు వారిని ద్రోహులన్నాయి. సమ్మెకు పూనుకున్న 24 సంఘాల్లో అనేకం అంతకుముందు అదే నల్లవారికి సభ్యత్వం ఇవ్వనన్నవే. రక్షణ ఇవ్వని సంఘం విధేయత ఎలా కోరుతుంది? ఆకలితో ఉన్నవాడు దొరికిన కూలికి వెళ్తే ఆ తప్పు వాడిదా, తలుపు మూసినవారిదా? నా దృష్టిలో మూసినవారిదే.

1920 జనవరి 8న ఒక్క కోరికా తీరకుండానే సమ్మె ఆగింది. 12 గంటల పనిదినం 1923లో గాని పోలేదు. 1937లో యునైటెడ్ స్టేట్స్ స్టీల్ కంపెనీ కార్మిక సంఘంతో ఒప్పందం కుదుర్చుకునే నాటికి, దానిని సాధించిన కొత్త సంఘం నల్లజాతి కార్మికులను మొదటి నుంచే సభ్యులుగా చేర్చుకుంది.