టోకెన్ అడ్వాన్స్ గారికి నెల్లూరు నుంచి బహిరంగ లేఖ

బండి చూడకముందే, దాన్ని మనకోసం ఆపుతామని చెప్పి పుచ్చుకునే సొమ్ము, మహారాజశ్రీ టోకెన్ అడ్వాన్స్ గారికి,

నెల్లూరు మినీ బైపాస్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగక్కర్లేదు. ఎవరి ఖాతాలోకి వెళ్లినా మీరు హాయిగానే ఉంటారు, మిమ్మల్ని పంపినవాళ్లకే రాత్రిళ్లు నిద్ర పట్టదు.

సెకండ్ హ్యాండ్ కారు కొనాలన్న బుద్ధి మా జిల్లాలో ఎవరికి పుట్టినా, వాళ్లకు కావాల్సిన కారు మాత్రం జిల్లాలో ఉండదు. పక్క వీధిలో బండి అమ్మకానికొస్తే దాని జాతకమంతా మనకు తెలుసు కాబట్టి నచ్చదు. అదే హైదరాబాదులో ఉంటే ‘సింగిల్ ఓనర్, డాక్టర్ గారు వాడింది’. బెంగళూరులో ఉంటే ‘సాఫ్ట్‌వేర్ అతను, ఆదివారం తప్ప బయటికి తియ్యలేదు’. ఢిల్లీలో ఉంటే ఇక ధర చూసి కళ్లు తిరుగుతాయి. అక్కడ పదేళ్లు దాటిన డీజిల్ బండ్లను రోడ్డెక్కనివ్వొద్దని హరిత ట్రైబ్యునల్ 2015లో చెప్పినప్పటి నుంచి, ఆ వయసు మళ్లిన బండ్లకు దక్షిణాదిలో ఎక్కడలేని పిలుపు. ఎంత దూరం బండైతే అంత మంచి బండి అని మావాళ్ల నమ్మకం. ఆ నమ్మకం మీదే కదా మీ కాపురం.

మా కావలి బావ ఈమధ్య బెంగళూరులో ఒక ఇన్నోవా చూశాడు. చూశాడంటే ఫోన్లో. తెల్ల రంగు, కడిగి నూనె రాసిన టైర్లు, ఫొటో మూలలో ఒక నిమ్మకాయ. నెల్లూరొచ్చి, టీ కొట్టు బల్ల మీద ఫోను పెట్టి, స్పీకర్ ఆన్ చేసి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అటునుంచి పాత కార్లు అమ్మిపెట్టే కన్సల్టెన్సీ ఆయన, చక్కటి తెలుగులో:

“అన్నా, బండి బటర్ అన్నా. రాత్రే కర్నూలు పార్టీ వీడియో కాల్లో చూసి ఓకే అనేశాడు. మీరు ముందడిగారు కాబట్టి మీకు చెప్తున్నా. ఒక పదివేలు టోకెన్ కొట్టండి, బండి పక్కన పెట్టేస్తా.”

ఈ కర్నూలు పార్టీ గారికి కూడా ఒక లేఖ రాయాలని ఉంది. దేశంలో మనం ఏ కారు మీద కన్నేసినా ఆయన అప్పటికే దాని పక్కన నిలబడి ఉంటాడు. రాత్రిళ్లు వీడియో కాల్స్ చేస్తాడు, పొద్దున్నే బయల్దేరతాడు, మధ్యాహ్నానికి చేరతాడు. పాపం, ఇంతవరకు ఒక్క కారూ కొన్న దాఖలా లేదు.

బావ వేలు అప్పటికే క్యూఆర్ కోడ్ మీదికి పోయింది. తెర మీద పేరు వచ్చింది. ఏదో కార్స్ అనో మోటార్స్ అనో రావాల్సిన చోట ఒక ఆడమనిషి పేరు.

“ఇదెవరన్నా?” అన్నాడు బావ.

“మా మరదలు అన్నా. కంపెనీ అకౌంట్ లిమిట్ అయిపోయింది, అందుకని.”

కంపెనీకి పొద్దున పదిన్నరకే లిమిట్ అయిపోతుంది, మరదలికి మాత్రం ఎప్పటికీ అవ్వదు. ఇది మీ కుటుంబ రహస్యం, మేం వేలు పెట్టం. కానీ డబ్బు పంపేముందు ఖాతాదారు అసలు పేరు తెర మీద కనబడాలని యూపీఐ వాళ్లు నియమం పెట్టింది ఆ ఒక్క సెకను ఆగి చదవడానికే. బావ చదివాడు. చదివి కూడా నా వంక చూసి “పదివేలే కదా” అన్నాడు. అదే మీ గొప్పతనం. మీరెప్పుడూ ‘పదివేలే కదా’ అన్నంతే ఉంటారు. అడిగినవాడికి లాభం, పంపేవాడికి చిన్నతనం, పోలీసు స్టేషన్‌కి వెళ్లాలంటే సిగ్గు. ఆ కొలత ఎవరు తీశారో గానీ దండం పెట్టాలి.

పైగా మీరు ఒంటరిగా రారు. మీరు గుమ్మం దాటగానే వెనకాలే, బండి రాష్ట్రం దాటడానికి ఆర్టీఓ ఇవ్వాల్సిన నిరభ్యంతర పత్రం పేరుతో ఎన్‌ఓసీ చార్జీలు వస్తాయి, తర్వాత లారీ బాడుగ, ఆ తర్వాత ‘డెలివరీ అవ్వగానే తిరిగిచ్చే’ ట్రాన్సిట్ ఇన్సూరెన్స్. ఒక్కోటి కట్టిన మనిషి, కట్టినది పోతుందనే భయంతోనే ఇంకోటి కడతాడు. మీ చుట్టాల్లో ఒకాయన మిలిటరీ యూనిఫాం కూడా వేసుకుంటాడు. ట్రాన్స్‌ఫర్ అయింది, బండి కంటోన్మెంట్‌లో ఉంది, ఆర్మీ ట్రక్కులో పంపిస్తానంటాడు, గుర్తింపు కార్డు ఫొటో పెడతాడు. నిజంగా సరిహద్దులో ఉన్న జవాను ఈ సంగతి వింటే ఏమనుకుంటాడో. ఇంకొకాయన, మనకు డబ్బు వేయడానికి మన పిన్ కొట్టమంటాడు. యూపీఐలో డబ్బు పుచ్చుకోవడానికి పిన్ అక్కర్లేదు, ఇవ్వడానికే పిన్ కావాలి. మీ దగ్గరి బంధువు కలెక్ట్ రిక్వెస్ట్ గారి పని మాత్రం కొంత తగ్గింది. వ్యక్తులు ఒకరినొకరు అలా డబ్బడిగే పద్ధతిని 2025 అక్టోబరు 1 నుంచి ఆపేశారు. మీకు మా ప్రగాఢ సానుభూతి.

మీ వంశంలో పెద్దమనుషులు లేకపోలేదు. మీ తాతగారు బయానా గారిని ఒంగోలు వైపు పశువుల సంతల్లో మా పెదనాన్న బాగా ఎరుగును. గిత్తను కొనేటప్పుడు ముందు పళ్లు చూసేవాళ్లు, తర్వాత కాడి కట్టి నడిపించేవాళ్లు, తర్వాత తువ్వాలు కింద చేతులు పెట్టి వేళ్లతో బేరం. ఇంతా అయ్యాక ఇద్దరు తెలిసిన మనుషుల ముందు బయానా. మిగతా రొక్కం లెక్కపెట్టేసరికి పగ్గం కొన్నవాడి చేతిలో ఉండేది. గిత్తను చూడకుండా, అమ్మేవాడి మొహం చూడకుండా, అమ్మేవాడి మరదలికి డబ్బిచ్చే ఆచారం ఆ సంతలో లేదు. మీరు తాతగారి పేరు పెట్టుకుని ఆయన చేసిన పనంతా తలకిందులుగా చేస్తున్నారు. ముందు మీరు, వెనక బండి.

బావని ఆపడానికి పెద్ద యుద్ధం ఏమీ చెయ్యలేదు. నంబరు అడిగి, బండి వివరాలు చూపే సర్కారు యాప్ ఎం-పరివాహన్‌లో కొట్టి చూశాం. ఓనర్ పేరు సగం చుక్కల్లో దాక్కుంది గానీ అసలు సంగతి దాక్కోలేదు. బండి మీద ఫైనాన్స్ ఉంది. అంటే సాఫ్ట్‌వేర్ అతను ఆదివారాలు నడుపుకున్న మాట నిజమే కావొచ్చు, బండి మీద మాత్రం బ్యాంకుకి ఇంకా హక్కుంది. ఇది చెప్తే కన్సల్టెన్సీ ఆయన “అది క్లియర్ అయిపోతుంది అన్నా, మీరు టెన్షన్ పడకండి, ముందు టోకెన్...” అన్నాడు. ఏ ప్రశ్నకైనా జవాబు మీరే.

ఇంకో ప్రశ్న కూడా వేశాను. పాత బండ్లు కొని అమ్మే డీలర్లు ఆర్టీఓ దగ్గర అనుమతి పత్రం తీసుకోవాలని 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో ఉంది. ఆ పత్రం ఫారం 29బి, ఐదేళ్లు చెల్లుతుంది. అలాంటి డీలర్‌కి ఓనర్ బండి అప్పజెప్పినట్టు పోర్టల్‌లో నమోదైతే, అమ్ముడయ్యేదాకా డీలరే ఓనర్ కింద లెక్క. కొనేవాడికి ఇంతకంటే ధైర్యం ఇంకేం కావాలి? “అన్నా, మీ దగ్గర 29బి ఉందా?” అన్నాను.

కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఆయన లోపలికి తిరిగి ఎవరినో కేకేసి అడిగాడు. మళ్లీ వచ్చి, “ఆ పార్టు మా దగ్గర ఉండదన్నా, షోరూంలో అడగండి” అన్నాడు.

ఇంత జరిగినా బావకి ఆ తెల్ల ఇన్నోవా మీద మోజు తీరలేదు. సరే, మోజు తప్పు కాదు. రాత్రి బస్సెక్కి మనిషే వెళ్లాడు, తెలిసిన మెకానిక్‌ని వెంటబెట్టుకుని. అక్కడ బానెట్ ఎత్తించి, గుడ్డతో తుడిచి, ఛాసిస్ నంబరు ఫొటో తీసి నాకు పంపాడు. సీ బుక్కులో అంకెలతో ఒక్కొక్కటే సరిచూసుకున్నాం. మూడో చూపుకి గానీ ఒక ఎనిమిది ఎనిమిదేనని తేలలేదు, దాని మీద అంత గ్రీజు. టైర్ల నూనె ఎండకి ఆరిపోయి పగుళ్లు కనబడ్డాయి, వాటికి కొంత తగ్గించారు. ఎడమ వెనక తలుపు రంగు మిగతా బండి రంగు కంటే కాస్త తెలుపు, దానికి ఇంకొంత తగ్గింది. ఆ రెండు తగ్గింపుల్లో బస్సు చార్జీలూ మెకానిక్ కూలీ పోగా మిగిలింది. కర్నూలు పార్టీ గారు ఆరోజు కూడా రాలేదు.

ఇప్పుడు డబ్బు సంగతి. మీరు జాగ్రత్తగా వినాల్సింది ఇదే. డీలర్‌కి అనుమతి పత్రం లేదు కాబట్టి, డబ్బు వెళ్లాల్సింది సీ బుక్కులో పేరున్న మనిషికి. ఆయన్ని పిలిపించమంటే ముందు ‘అమెరికాలో ఉన్నాడన్నా’ అన్నారు, గట్టిగా అడిగితే అమెరికా నుంచి గంటన్నరలో స్కూటర్ మీద వచ్చేశాడు. మంచి కుర్రాడు. తను సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు డీలర్ సొరుగులో కట్టగా ఉన్నాయని కూడా అతనికి గుర్తులేదు.

లోను ఎంత మిగిలిందో బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ లెటర్ తెప్పించి, ఆ మొత్తం నేరుగా లోను ఖాతాకే కట్టాడు బావ. ఓనర్ చేతికిస్తే అది లోనుకే వెళ్తుందని ఎవరు హామీ? మిగతాది ఓనర్ ఖాతాకి ఆర్‌టీజీఎస్. బ్యాంకు ద్వారా పంపేది రెండు లక్షలు, ఆపైన అయితే ఆ దారి, తక్కువైతే నెఫ్ట్. 2025 ఏప్రిల్ నుంచి ఈ రెండింటిలో ఖాతా నంబరు కొట్టగానే బ్యాంకు ఆ ఖాతాదారు పేరు చూపిస్తుంది. పేరూ సీ బుక్కూ కలిశాయా లేదా, అంతే చూడాల్సింది. కొత్త ఖాతా చేర్చిన మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు చాలా ఉన్నాయి కాబట్టి బావ ముందురోజే చేర్చుకుని, ఒక్క రూపాయి పంపి చూసుకున్నాడు. మీరు పదివేలు తిని చెప్పని సంగతి ఆ రూపాయి చెప్పింది.

డీలర్ మాత్రం చివరిదాకా “క్యాష్ అయితే ఇంకో పదిహేను తగ్గిస్తా” అంటూనే ఉన్నాడు. రెండు లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకోకూడదని 2017 నుంచి చట్టం. పుచ్చుకున్నవాడికి అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఆ సంగతి ఆయనకి తెలియక కాదు. డీడీ తెస్తానంటే మొహం ముడుచుకున్నాడు. డీడీ మీద పేరు రాసుంటుంది, బండి నచ్చకపోతే జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, కొంచెం చార్జీ పోగొట్టుకుని బ్యాంకులో రద్దు చేసుకోవచ్చు. అంటే కొనేవాడు మనసు మార్చుకునే వీలుంది. అది ఆయనకి గిట్టదు, మీకు అసలే గిట్టదు.

డబ్బు చేరిందని ఓనర్ ఫోన్లో మెసేజ్ మోగాకే బావ, ఓనర్ పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 మీద సంతకాలు తన కళ్లముందు చేయించి, డెలివరీ నోట్‌లో తేదీతో పాటు టైము కూడా రాయించి తాళాలు తీసుకున్నాడు. టైము ఎందుకని అడిగినవాళ్లకి: పొద్దున ఆ బండి సిగ్నల్ దాటేసి ఉంటే ఆ చలానా ఎవరిదో తేలాలి కదా. ఇంకా బ్యాంకు నుంచి లోను తీరిందనే ఫారం 35, కర్ణాటక ఆర్టీఓ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ రావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, అక్కడ కట్టినదాంట్లో మిగిలిన భాగం తిరిగిమ్మని అర్జీ పెట్టుకోవాలి. అదంతా ఇంకో పురాణం, ఆర్టీఓ గారికి వేరే లేఖ. దూరపు బండి చౌక అనేవాళ్లు ఈ లెక్క వేసుకుని చూస్తే సగం మంది ఒంగోల్లోనే కొనుక్కుంటారు.

మీ పుణ్యాన మోసపోయినవాళ్లు మా చుట్టుపక్కల ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది ‘రేపు పంపిస్తానన్నాడు’ అని వారం చూసి అప్పుడు లేస్తారు. డబ్బు ఖాతాల మీద ఖాతాలు మారిపోయాక బ్యాంకు మాత్రం ఏం పట్టుకుంటుంది? అనుమానం వచ్చిన గంటలోనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే ఆ డబ్బు ఎక్కడో ఒకచోట ఆగే వీలుంటుంది. ఈ నంబరు మీకు తెలిసే ఉంటుంది, శత్రువు ఫోన్ నంబరు ఎవరూ మర్చిపోరు.

మిమ్మల్ని జిల్లా బహిష్కరణ చెయ్యమని నేననడం లేదు. నిజాయతీగా వ్యాపారం చేసే డీలర్లున్నారు. పది ఫోన్లు చేసి ఒక్కడూ రాకపోతే వాళ్లకీ కష్టమే, వాళ్లకీ కొంత హామీ కావాలి. కాబట్టి రండి, కానీ ఒక రసీదుతో రండి. దాని మీద బండి నంబరు, ఛాసిస్ నంబరు, ఒప్పుకున్న ధర, ఎన్ని రోజులు బండి ఆపుతారో ఆ తేదీ ఉండాలి. ‘బండి చూశాక కాగితాలు కలవకపోయినా, మెకానిక్ వద్దన్నా ఈ సొమ్ము తిరిగి ఇవ్వబడును’ అనే వాక్యం ఉండాలి. కింద సంతకం, స్టాంపు. డబ్బు వెళ్లేది ఆ స్టాంపులో ఉన్న పేరు మీది ఖాతాకే. మా బావ ఇదే మాట వాట్సాప్‌లో పెట్టి రసీదు పంపమంటే, అటువైపు రెండు నీలి టిక్కులు పడ్డాయి. ఆ తర్వాత టోకెన్ మాట ఎత్తలేదు, దుకాణం అడ్రసు పంపారు.

ఇట్లు,
మీ పదివేలు ఇంకా జేబులోనే ఉన్న
నెల్లూరు వాస్తవ్యుడు

తాజా కలం: బావ ఇన్నోవా చూసి మా కందుకూరు తమ్ముడికి ఢిల్లీ బండి మీద మనసైంది. మీ కర్నూలు పార్టీ గారు రాత్రే అక్కడికి చేరుకున్నారట.