రుచంతా ఆ 4.8 కిలోల్లోనే ఉంది

దేశం ముందు చాలా సమస్యలున్నాయి. వాటి సంగతి చూసుకోవడానికి వేరే వ్యాసకర్తలున్నారు. ఎవరూ పట్టించుకోని ఒక్క విషయాన్ని నేను నెత్తికెత్తుకుంటున్నాను: ఇంట్లో వండిన పనీర్ బటర్ మసాలా హోటల్లో తిన్నట్టు ఎందుకుండదు?

నవ్వకండి. మూడేళ్లుగా ప్రతి ఆదివారం ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నవాణ్ని. ఈ మూడేళ్లలో మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్న భోజనం అనేదే లేకుండా పోయింది. సాయంత్రం నాలుగున్నరకు తినేదాన్ని ఏమని పిలవాలో మా ఆవిడకు ఇంకా తోచలేదు. మొన్నామధ్య మా అత్తగారు వచ్చారు. మూడింటిదాకా ఓపిక పట్టి, "అల్లుడుగారికి ఇవాళ ఉపవాసమా?" అని కూతుర్ని మెల్లగా అడిగారు. "ఆయనకి కాదమ్మా, మనకి" అంది మా ఆవిడ. పరిశోధకులకు ఇంటాబయటా ఇలాంటివి తప్పవు.

మొదటి ముద్దాయి ఉల్లిపాయ. వంటల వీడియోల్లో "బంగారు రంగు వచ్చేదాకా వేయించండి, అయిదు నిమిషాలు" అంటారు. ఈ అయిదు నిమిషాలు బ్రహ్మదేవుడి లెక్క కాబోలు. ఉల్లిపాయలో దాదాపు 90 శాతం నీళ్లే. ఆ నీళ్లు ఇగిరితేగాని గిన్నెలో వేడి 100 డిగ్రీలు దాటదు, దాటితేగాని ఉల్లి ఎర్రబడదు. మా స్టవ్ మీద అయితే దీనికి తక్కువలో తక్కువ అరగంట. వంటలో ఇలా ఎర్రబడి కమ్మదనం వచ్చే ప్రక్రియను మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1912లో వివరించాడు. దానికి ఆయన పేరే పెట్టారు. మా అమ్మ దాన్ని "కమ్మటి వాసన రావడం" అంటుంది. ఆమె పేరు దేనికీ పెట్టలేదు.

రెండో ముద్దాయి మిరపకాయ. హోటల్ ఎరుపు కావాలంటే కాశ్మీరీ మిరపపొడి వెయ్యాలి. గుంటూరు మిర్చి పండే రాష్ట్రంలో పుట్టి, కాశ్మీరు నుంచి మిరపపొడి తెప్పించుకున్న మొదటి మనిషిని మా వంశంలో నేనే. అమ్మ ఆ కూర రుచి చూసి, "రంగుంది గానీ రోషం లేదురా" అంది. ఇక కసూరీ మేథీ, అంటే ఎండబెట్టిన మెంతాకు. అది లేనిదే హోటల్ వాసన రాదు. దాని పేరులో ఉన్న కసూర్ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఈ మాట కాస్త మెల్లగా చదువుకోండి, కింది ఫ్లాటులో దేశభక్తులున్నారు.

ఇవన్నీ వేశాక కూడా రుచి రాకపోతే, అసలు రహస్యం తెలుసుకుందామని తెలిసినాయన ద్వారా ఒక హోటల్ వంటింట్లోకి వెళ్లాను. చూడకుండా ఉండాల్సింది. మీరు ఆర్డరిచ్చాక అక్కడెవరూ ఉల్లిపాయ కొయ్యరు. పొద్దున్నే గంగాళాల్లో గ్రేవీలు కాచి పెట్టేస్తారు. టమాటా, వెన్న వేసిన ఎర్రది ఒకటి. జీడిపప్పు రుబ్బి వేసిన తెల్లది ఒకటి. ఉల్లిపాయది ఇంకొకటి. మీరు బయట కూర్చుని కడాయి పనీరా, మలాయ్ కోఫ్తానా అని కుటుంబసమేతంగా అరగంట వాదించుకుంటారు. లోపల ఆయన ఆ మూడు గంగాళాల్లోనే గరిటె ముంచి, పైన ఏదో చల్లి పంపిస్తాడు. మెనూలో నలభై పేర్లు, వంటింట్లో మూడు గంగాళాలు. గ్రేవీ సత్యం, మెనూ మిథ్య. శంకరాచార్యులవారి తరవాత ఇంత సూటిగా అద్వైతం చెప్పినవాళ్లను నేను చూడలేదు.

ఆ స్ఫూర్తితో నేనూ అయిదు కిలోల ఉల్లిపాయలతో గ్రేవీ కాచి ఫ్రీజర్‌లో దాచాను. మర్నాడు ఐస్‌క్రీము అడిగిన మావాడికి జీవితంలో మొదటి నమ్మకద్రోహం ఎదురైంది.

ఇంత చేసినా ఏదో తక్కువ. ఎక్కడుందా తక్కువ అని కాగితం మీద లెక్క వేశాను. ఇంటి గ్యాసు సిలిండరులో 14.2 కిలోల గ్యాసు ఉంటుంది. హోటల్‌కిచ్చే సిలిండరులో 19 కిలోలు. తేడా 4.8 కిలోలు. రుచంతా ఆ 4.8 కిలోల్లోనే ఉందని నా నిశ్చితాభిప్రాయం. హోటల్ పొయ్యి మంట ముందు మన స్టవ్ దీపారాధనతో సమానమనీ, విషయం బరువులో కాదు, మంట జోరులో ఉందనీ గిట్టనివాళ్లు అంటారు. అననివ్వండి. ఇంటి సిలిండరు హోటల్లో వాడితే కేసు పెడతారు. హోటల్ కూర ఇంట్లో వండి భార్యాబిడ్డల్ని నాలుగున్నరదాకా పస్తుంచితే ఏ సెక్షనూ లేదు. ఇదేం న్యాయమని మా ఆవిడ అడుగుతోంది.

ప్రభుత్వాలకు చీమ కుట్టినట్టయినా లేదు. 2001లో బ్రిటన్ విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను తమ అసలు సిసలు జాతీయ వంటకమని ప్రసంగించాడు. మన విదేశాంగ శాఖ నా కూర మీద ఇంతవరకు ఒక్క ప్రకటన చేయలేదు. న్యాయస్థానాలే నయం. బటర్ చికెన్ ఎవరు కనిపెట్టారన్న తగువు 2024లో ఢిల్లీ హైకోర్టు గుమ్మమెక్కింది. ఆ కూర పుట్టుక గురించి చెప్పుకునే కథేమిటంటే, మిగిలిపోయి ఎండిపోతున్న తందూరీ చికెన్‌ని టమాటా, వెన్న గ్రేవీలో వేసి మెత్తబరిచారట. మిగిలిపోయినదాన్ని మా ఇంట్లో చద్ది అంటారు. ఢిల్లీలో వారసత్వం అంటారు.

ఇంకో వింత గమనించారా? నేను ఇంట్లో వండి "అచ్చం హోటల్ కూర" అని చెప్పుకుంటాను. వీధి చివర హోటల్‌వాడు బోర్డు మీద "అచ్చం ఇంటి భోజనం" అని రాయించాడు. నేను వాడి కొంపకీ, వాడు నా కొంపకీ ఎదురెదురుగా పరిగెడుతున్నాం. మధ్య దారిలో మా ఆవిడ కూర్చుని పెరుగన్నం తింటోంది.

ఇంతకాలం ఈ బాధ నా ఒక్కడిదే అనుకున్నాను. కాదని సూపర్ మార్కెట్‌లో తెలిసింది. కసూరీ మేథీ ఆఖరి పొట్లం మీద నా చెయ్యీ, ఒక రిటైర్డ్ బ్యాంకు మేనేజరుగారి చెయ్యీ ఒకేసారి పడ్డాయి. ఆయన గోళ్లు పసుప్పచ్చగా ఉన్నాయి. నావీ అంతే. పేర్లు అడక్కముందే ఆయన, "జీడిపప్పు నానబెడతారా, ఉడకబెడతారా?" అన్నారు. ముప్పయ్యేళ్లుగా తెలిసిన స్నేహితులెవరూ నన్ను ఇంత సూటిగా పలకరించలేదు.

ఇప్పుడు అయిదుగురమయ్యాం. నెలకోసారి మా అపార్టుమెంటు మేడ మీద కలుస్తాం. తలా ఒక డబ్బా. పెళ్లాంపిల్లలు కులాసానా అని ఎవరూ అడగరు. వాళ్లు కులాసాగా లేరని అందరికీ తెలుసు. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు థర్మామీటరు తెస్తాడు. లెక్కల మాస్టారొకాయన కూర మధ్యలో చిన్న గిన్నె పెట్టి, అందులో నిప్పు కణిక వేసి, నెయ్యి పోసి మూత పెడతారు. తందూరు వాసన వస్తుందని ఆయన వాదన. మొదటిసారి చేసినప్పుడు వాచ్‌మన్ బకెట్టుతో నీళ్లు తెచ్చాడు. కూర బాగా కుదరకపోతే మేనేజరుగారు "ఈ ఊరి నీళ్లండీ" అంటారు. కుదిరితే నీళ్ల ప్రసక్తి రాదు. జీడిపప్పు నానబెట్టే వర్గానికీ ఉడకబెట్టే వర్గానికీ రెండు నెలలుగా మాటల్లేవు. డబ్బా మూతలు తియ్యమని కూడా సైగలతోనే.

కిందటి సమావేశానికి మా బీమా ఏజెంటుగారు పనీర్ బటర్ మసాలా తెచ్చారు. మామూలుగా ఆయన చాలా మాట్లాడతారు. ఆ రోజు డబ్బా పెట్టేసి ఓ మూల నిలబడ్డారు. అందరం రుచి చూశాం. కాసేపు ఎవరూ నోరు విప్పలేదు.

"కసూరీ మేథీ కాస్త తొందరగా పడింది" అన్నారు మేనేజరుగారు.

"ఉల్లి ఇంకో పది నిమిషాలు వేగాలంకుల్" అన్నాడు కుర్రాడు థర్మామీటరు తుడుచుకుంటూ.

నేనూ కళ్లు మూసుకుని ఆలోచించి, "అంతా బాగానే ఉందిగానీ, ఇంకా ఇంటి వాసన పోలేదండీ" అన్నాను. మిగతావాళ్లు తలలూపారు. పదికి ఆరు మార్కులు వేశాం.

లిఫ్టు దగ్గర ఏజెంటుగారు నన్ను పక్కకి పిలిచారు. పొద్దున్నే మిక్సీ కాలిపోయిందట. గత్యంతరం లేక వీధి చివర హోటల్లో పార్సిల్ కట్టించి, డబ్బాలో పోసుకొచ్చారట. "మీరొక్కరే కాస్త నెమ్మదస్తులని మీకు చెబుతున్నాను" అన్నారు.

ఆ మాట ఇప్పటిదాకా మిగతావాళ్ల చెవిన వెయ్యలేదు. ఆ రోజు నా కూరకి ఏడొచ్చాయి మరి.